సిరోంచ సీమలో ప్రత్యేక విద్యోపాధ్యాయ శిక్షణ: భాషాదృష్టితో ఒక విమర్శ

ప్రాణహిత గోదావరిలో కలియుచోటికి చేరువను, కాళేశ్వర క్షేత్రమునకు ఆవలి గట్టున, సిరోంచ పట్టణము కలదు. 1860లో నిజాము ప్రభుత్వము గోదావరి యెడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కొప్పగించిన పిదప ఎగువ గోదావరి జిల్లా యేర్పడి, దానికి సిరోంచయే ముఖ్యపట్టణమైనది. 1874లో ఆ జిల్లా రద్దుకాగా భద్రాచలము, రేకపల్లి మద్రాసు రాజధానిలో చేరినవి; సిరోంచ చాందా జిల్లాకు పోయినది. 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్రము, 1982లో కొత్తగా నేర్పడిన గడ్చిరోలి జిల్లా. ఇన్నిమార్లు పాలకులు మారిరి గాని ఆ యూళ్ల వంటయిండ్ల భాష మారలేదు. అది తెలుగే, ఆవలిగట్టు మంథని, చెన్నూరు ప్రాంతపు పలుకుబడికి దగ్గరిది. అడవిపల్లెలలో గోండీ, మాడియా పలుకులు, కచేరీలోను పాఠశాలలోను మరాఠీ.

ఈ సీమ చరిత్రను గూర్చి, ఇచ్చటి తెలుగువారి భాషాభిమానమును గూర్చి మన సంఘముల సంచికలలో లోగడ వ్యాసములు రాకపోలేదు. నేను చర్చింపదలచినది ఆ యభిమానమునకు సంబంధించినదే యైనను, ఎవరును అంతగా చూడని మూలను గూర్చినది. చెవి వినబడని, కన్ను కానరాని, బుద్ధి వికాసము మందగించిన బిడ్డలకు చదువు చెప్పు ఉపాధ్యాయుడు కావలెనని యీ సీమ యువతీయువకులలో ఒకరు తలచినచో, వారు ఏ విశ్వవిద్యాలయమున, ఏ చదువు, ఏ భాషలో చదువవలెను? ప్రశ్న చిన్నదిగా దోచును. ప్రకటనపత్రములు చూచినచో సమాధానము కూడ సులభముగనే దొరకును. ఆ సులభమైన సమాధానము ఈ సీమకు చాలదని నా వాదము.

మొదట పునాది సంగతి చెప్పవలెను, ఏలయన మనవారు పలువురు ఇచ్చటనే పొరపడుచున్నారు. సాధారణ బి.ఎడ్. పట్టముతో ప్రత్యేక విద్యోపాధ్యాయుడు కాజాలడు. సాధారణోపాధ్యాయ శిక్షణకు జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి పెద్దదిక్కు. ప్రత్యేక విద్యకు భారత పునరావాస పరిషత్తు. ఈ పరిషత్తుకు 1992 నాటి చట్టము అధికారమిచ్చినది. పరిషత్తు గుర్తించిన అర్హత సంపాదించి, దాని కేంద్ర పట్టికలో పేరు నమోదు చేయించుకొననిదే యీ వృత్తి చేయరాదు. చేసినచో ఏడాదివరకు కారాగారమో, వేయి రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. కనుక విశ్వవిద్యాలయము పేరెంత ఘనమైనదైనను, ఆ కళాశాలలో ఆ చదువునకు ఆ సంవత్సరమున పరిషత్తు ఆమోదము ఉన్నదా లేదా యనునదే మొదట చూడవలసినది. పట్టికలోని పేరును సయితము ఐదేండ్ల కొకమారు పునరుద్ధరించుకొనుచుండవలెను.

చదువులు మెట్లుమెట్లుగా నున్నవి. ఇంటర్మీడియేటు పిదప రెండేండ్ల ప్రత్యేక విద్యా డి.ఎడ్. పట్టభద్రులకు ప్రత్యేక విద్యా బి.ఎడ్.; ఇది 2015లో రెండేండ్ల చదువుగ మార్చబడినది. దానిపై ఎం.ఎడ్. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఉపాధ్యాయ శిక్షణ యంతయు నాలుగేండ్ల సమగ్ర పట్టమువైపు మరలవలెనని చెప్పుటచే, ప్రత్యేక విద్యయు ఆ దారినే నడచుచున్నది. కావున చేరబోవు సంవత్సరమున ఏ రూపము ఆమోదమున నున్నదో విచారించుకొనుట విద్యార్థి పని. సాధారణ పాఠశాలలో ప్రాథమిక తరగతులు చెప్పు ఉద్యోగమునకు ఈ ప్రత్యేక పట్టముతో పోవువారు, నియామకము పిదప ఆరునెలల అదనపు శిక్షణ పొందవలెనన్న నిబంధన యొకటి కలదు, దానిని మరువరాదు.

ఇక చదువు దొరకు చోట్లు. సిరోంచనుండి జిల్లా కేంద్రమగు గడ్చిరోలికి సుమారు 200 కిలోమీటర్లు అడవిదారి. 2011లో నాగపుర విశ్వవిద్యాలయమునుండి చంద్రపుర, గడ్చిరోలి జిల్లాలను విడదీసి గోండ్వాన విశ్వవిద్యాలయమును స్థాపించిరి. ముంబయిలో శ్రీమతి నాథీబాయి దామోదర్ ఠాకర్సీ మహిళా విశ్వవిద్యాలయము ప్రత్యేక విద్యాశాఖకు పేరొందినది; వినికిడి లోపమునకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థయు ఆ నగరముననే 1983లో వెలసినది. ఈ వైపు, గోదావరి దాటినచో, సికింద్రాబాదు మనోవికాస నగరమునందు 1984లో స్థాపింపబడిన మేధోవైకల్య జాతీయ సంస్థ కలదు. పూర్వము దీనిని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ యనెడివారు. అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రము కూడ సికింద్రాబాదుననే యున్నది. హైదరాబాదున డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయము ప్రత్యేక విద్యా బి.ఎడ్. నడపినవి. మహారాష్ట్రమున నాసికలోని యశవంతరావు చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయము నడపినది.

సార్వత్రిక విశ్వవిద్యాలయము అనగనే సరిహద్దువాసికి ఆశ కలుగును: ఇల్లు విడువకయే చదువవచ్చును గదా యని. కాని యిచ్చట ఒక గోడ కలదు. రాష్ట్ర విశ్వవిద్యాలయములు తమ దూరవిద్యను తమ రాష్ట్రపు టెల్లలలోనే నడపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము నియమము చేసినది. కావున హైదరాబాదువారు సిరోంచలో అధ్యయన కేంద్రము తెరువజాలరు. నాసికవారు కాళేశ్వరమున తెరువజాలరు. గోదావరిపై వంతెన పడిన పిదప పెండ్లివారును బేరగాండ్రును అరగంటలో దాటు ఏటిని, విశ్వవిద్యాలయములు మాత్రము దాటరాదన్నమాట. నియమమునకు కారణము లేకపోలేదు. ఊరూర దుకాణములు తెరచి పట్టములమ్మిన దూరవిద్యా వ్యాపారమును అరికట్టుటకై వచ్చినదది. కాని ఒక భాషవారు రెండు రాష్ట్రములలో పరచుకొనియున్న చోట దాని ఫలము వేరు.

ఇంతవరకు చెప్పినది దారుల లెక్క. ఇక అసలు విమర్శ. ప్రత్యేక విద్య అనునది ఒకే శాస్త్రముగ పైకి గన్పట్టినను, భాషతో దాని సంబంధము ఒక్కొక్క వైకల్యమునకు ఒక్కొక్క రీతిగ నున్నది. ఈ భేదమును గుర్తింపక, మరాఠీలో చదివినను తెలుగులో చదివినను ఒకటే యనుట గాని, తెలుగువాడు తెలుగులోనే చదివి తీరవలెననుట గాని, రెండును తొందరపాటే.

దృష్టిలోపము సంగతి చూడుడు. మన దేశభాషల కన్నిటికిని 1951లో భారతీ బ్రెయిలి యను ఉమ్మడి లిపి యంగీకరింపబడినది. దాని మూలసూత్రము, ఏ భాషలోనైనను ఒక ధ్వనికి ఒకటే చుక్కల గుర్తు. మరాఠీ 'క'కు ఏ చుక్కయో తెలుగు 'క'కును అదే చుక్క. మరాఠీలో బ్రెయిలి నేర్చిన ఉపాధ్యాయుడు తెలుగు బిడ్డకు బ్రెయిలి నేర్పవలసినచో, మరాఠీలో లేని హ్రస్వ ఎకార ఒకారముల గుర్తుల వంటివి కొన్ని కొత్తగా నేర్చుకొనిన చాలును. కంటితో చదువు లిపులు నాగరి తెలుగులుగా విడిపోయియుండగా, వ్రేలితో చదువు లిపి యొకటిగ నిలిచినది. లిపిభేదములపై మన పండితులు పడిన కలహములు తలచుకొన్నప్పుడు నాకిది కొంత నవ్వు తెప్పించును. సిరోంచ విద్యార్థి దృష్టిలోపము నెన్నుకొన్నచో నాగపురమున చదివినను పెద్ద నష్టము లేదని చెప్పుటకు నేను సందేహింపను.

వినికిడి లోపమునందు పరిస్థితి రెండుగా చీలును. భారతీయ సంజ్ఞాభాషకు తెలుగు మరాఠీల ఎల్ల లేదు. అది తనకు తాను ఒక భాష. ఢిల్లీలో 2015లో దానికై ప్రత్యేక పరిశోధన శిక్షణ కేంద్రము వెలసినది. 2020 విద్యావిధానము దానిని దేశమంతట ప్రమాణీకరింపవలెనన్నది. సంజ్ఞాభాష బాగుగ వచ్చిన ఉపాధ్యాయుడు ఏ గట్టున చదివినవాడైనను ఒకటే. కాని శ్రవణయంత్రమమర్చి మాట నేర్పు పద్ధతి యట్లు కాదు. తెలుగు మాటలు ప్రాయికముగ అచ్చుతో ముగియును; మరాఠీ మాటలు పలువురి నోట హల్లుతో ఆగును. బడిలో 'ఘర్' అని పెదవులు చదువ నేర్చిన బిడ్డ, ఇంట తల్లి 'ఇల్లు' అన్నప్పుడు ఆ పెదవులలో ఏమి వెదకును? శ్రవణశిక్షణలో సగము పని బడిలోను సగము పని తల్లి ఒడిలోను జరుగునని శాస్త్రమే చెప్పుచున్నది. తల్లికి రాని భాషలో శిక్షణ జరిగినచో ఆ రెండవ సగము నడువనే నడువదు.

మేధోవైకల్యము దగ్గరకు వచ్చునప్పటికి భాషయే సర్వస్వమగును. ఈ బిడ్డలకు నేర్పునది పాఠ్యపుస్తకము కాదు. స్నానము, భోజనము, వస్త్రధారణము, అంగడికి పోయి సరుకు తెచ్చుట, చుట్టములను గుర్తించుట. ఇవన్నియు ఇంటిమాటలతో ముడిపడినవి. ఒక బాలుని ఊహింతము. అతనికి పదేండ్లు, సిరోంచకు చేరువ పల్లె. వేసవిలో అమ్మ తునికాకు కోయబోవును. వేకువను ఇప్పపువ్వు ఏరును. పరీక్షకుడు పువ్వు బొమ్మ చూపి పేరడుగును. బాలుడు 'ఇప్ప' అనును. పట్టికలో నున్నది 'మోహ'. ఆకు చూపినచో 'తునికి' అనును, పట్టికలో 'తేందూ'. 'నీకెందరు భావూలు?' అని యడిగిన, అతనికి తెలిసినవాడు అన్న యొకడు, తమ్ముడొకడు. 'భావు' అను మాట అతని యింట లేదు. బాలుడు మౌనము వహించును. ఆ మౌనము పట్టికలో వైకల్యముగ నమోదగును. అతనిలో నిజముగ కొంత మాంద్యము ఉండవచ్చును. కాని ఎంత మాంద్యము, ఎంత మరాఠీ రాకపోవుట యనునది ఆ పట్టిక విడదీయలేదు. ఎచ్చట మొదలుపెట్టవలెనో తెలియక ఉపాధ్యాయుడు బిడ్డకు వచ్చిన దానినే మరల నేర్పును.

అభ్యసన వైకల్యమునందు ఇంకను సూక్ష్మమైన చిక్కు కలదు. అంకెల సంగతి యిది. తెలుగువాడు 'ఇరువది యొకటి' అనును. పెద్దది ముందు, చిన్నది వెనుక, వ్రాసిన క్రమముననే. మరాఠీలో 'ఏకవీస్', ఒకటి ముందు, ఇరువది వెనుక. 'ముప్పది యయిదు' అన్నచో రెండు భాగములును తేటగా వినిపించును. 'పస్తీస్' అను మాటలో 'పాచ్' ఎచ్చటనో దాగియుండును. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండవ తరగతి గణిత వాచకమున, ఇరువది యొకటి యను రీతిని 'వీస్ ఏక్' అని చదువు పద్ధతిని ప్రవేశపెట్టగా పెద్ద దుమారము రేగినది. గణితవేత్త్రి మంగళా నార్లీకర్ గారు దానిని సమర్థించుచు దక్షిణభాషలలో సంఖ్యలు చెప్పు సులభ పద్ధతిని ఉదాహరించిరి. ఆ వాదములో నెవరిది న్యాయమన్న దానిని మరాఠీవారే తేల్చుకొందురు. మనకు కావలసినది వేరు: ఇంట 'ఇరువది యొకటి' విని, బడిలో 'ఏకవీస్' విని, పలకమీద 12 అని వ్రాసిన తెలుగు బిడ్డకు గణిత వైకల్యము ఉన్నదా, లేక రెండు భాషల క్రమము కలగలిసినదా? రెండు భాషల లెక్కలును తెలిసిన ఉపాధ్యాయుడు ఐదు నిమిషములలో తేల్చును. తెలియనివాడు ధ్రువపత్రము వ్రాయించును.

శిక్షణ పాఠ్యక్రమమున దీనికి చోటు కలదా? 2015 నాటి ప్రత్యేక విద్యా బి.ఎడ్. పాఠ్యక్రమమును చూచినచో, అన్ని వైకల్యములను స్థూలముగ పరిచయము చేయు పత్రములు, ఎన్నుకొనిన యొక్క వైకల్యమున ప్రావీణ్యము కలిగించు పత్రములు, బోధనాభ్యాసము కలవు. ప్రాంతీయ భాషాబోధన కూడ నున్నది. కాని యది భాషను ఒక పాఠ్యవిషయముగ నేర్పు పద్ధతి. బిడ్డ యింటిభాషను కొలుచు పద్ధతి కాదు. ఈ రెంటికిని నడుమ గల అంతరమే సిరోంచలో గోతిగ మారుచున్నది.

ఒక్క వైకల్యమున ప్రావీణ్యము అను విధానము కూడ నగరమునకు తగినట్లు పల్లెకు తగదు. 2021 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము రజనీశ్ కుమార్ పాండే వ్యాజ్యమున, ప్రాథమిక దశలో పదిమంది ప్రత్యేకావసరములు గల బిడ్డల కొకరు, పై తరగతులలో పదునైదుగురి కొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని చెప్పినది. 2025 మార్చిలో రాష్ట్రములు ఆ పదవులను నిర్ణయించి ప్రకటింపవలెనని మరల ఆదేశించినది. మంచిదే. కాని ప్రాణహిత యొడ్డున నున్న పల్లెలలో పదిమంది బిడ్డలు ఒక్క బడిలో దొరకరు. ఒక యూర చెవి వినబడని బాలిక, నాలుగు కోసుల దూరమున మందబుద్ధి బాలుడు, మరియొక చోట కంటిచూపు లేనివాడు. అట్టి చోట్ల ఊరూర తిరుగు ఉపాధ్యాయుల సేవలు గైకొనవచ్చునని ఆ తీర్పే సూచించినది. తిరుగు ఉపాధ్యాయుడు ఈ ముగ్గురికిని చెప్పవలెను. అతని ప్రావీణ్యమో ఒక్క దానియందే. పెద్ద నగరమున ముగ్గురుపాధ్యాయులు ముగ్గురు బిడ్డలను పంచుకొందురు. ఇచ్చట ఒక్కడే మూడు శాస్త్రములును మూడు భాషలును మోయవలెను. గోండీ సంగతి నేను ప్రత్యేకముగ చర్చింపలేదు గాని, తెలుగు బిడ్డకు జరుగు అన్యాయము మాడియా బిడ్డకు ఇబ్బడిముబ్బడిగా జరుగునని తెలుగువారు మరువరాదు. మన కష్టమును మాత్రమే చెప్పుకొని వారిని విడుచుట మర్యాద కాదు.

చట్టమేమి చెప్పుచున్నది? 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతి కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువది యొక్క వైకల్యములను గుర్తించినది. అంతకు పూర్వపు 1995 చట్టమున నున్నవి ఏడే. ఆ 2016 చట్టపు పదునారవ విభాగమున, అంధులకును బధిరులకును వారికి మిక్కిలి తగిన భాషలోను పద్ధతిలోను విద్య నొసగవలెనని యున్నది. అంధులకు, బధిరులకు! నేను పైన చూపినట్లు అంధుల విషయమున భాషాభేదపు భారము స్వల్పము. భారము అధికముగ నున్న మేధోవైకల్య బాలునికి ఆ వాక్యమున చోటు లేదు. అతనికి బోధింప శిక్షితులైన ఉపాధ్యాయులను నియమింపవలెనని తరువాతి విభాగము చెప్పుచున్నది గాని, ఏ భాషలో శిక్షితులో చెప్పలేదు. చట్టము వ్రాసినవారి హృదయమును నేను శంకింపను. వారి యెదుట సరిహద్దు పల్లె లేదు, అంతే.

ఇక సిరోంచ విద్యార్థి యేమి చేయవలెను? నాకు తోచినది చెప్పుదును. మేధోవైకల్యమునో, వినికిడి లోపమునందు మాట నేర్పు పద్ధతినో ఎన్నుకొనువారు సికింద్రాబాదు దారి పట్టుట మేలు. అచ్చట బోధనాభ్యాసమునకు వచ్చు బిడ్డలలో తెలుగు బిడ్డలు పలువురు. వారి తల్లులతో తెలుగున మాటాడు అలవాటు పుస్తకమువలన రాదు. కేంద్ర పట్టికలో నమోదైన అర్హత దేశమంతట చెల్లును. కాని అర్హత చెల్లుట వేరు, ఉద్యోగము దొరకుట వేరు. నియామకపు నియమములును భాషా నిబంధనలును రాష్ట్రముల చేతిలోనివి. మహారాష్ట్రమున ఉద్యోగము కోరువారు మరాఠీని బడిమటుకు గాక, నివేదికలు వ్రాయునంతగ నేర్చియుండవలెను. చిన్ననాటినుండి మరాఠీ బడిలో చదివిన సిరోంచ పిల్లలకు అది కష్టము కాదు. నిజమునకు ఈ రెండు భాషల సంపద హైదరాబాదు విద్యార్థికిని లేదు, నాగపుర విద్యార్థికిని లేదు. దృష్టిలోపమును, సంజ్ఞాభాషను ఎన్నుకొనువారు మహారాష్ట్రముననే చదువుట సుకరము. ఉద్యోగమునకు దగ్గరదారి కూడ. ప్రవేశ నియమములలో నివాసస్థల నిబంధనలను ముందుగ చదువుకొనవలెను. సరిహద్దువాసికి ఇరువైపుల తలుపులును కొంచెము కొంచెము మూయబడియుండును.

మన సంఘములు చేయదగిన పని యొకటి కలదు. దానికి ప్రభుత్వపు అనుమతి అక్కరలేదు. సికింద్రాబాదు సంస్థవారు మేధోవైకల్య బాలుర నిత్యకృత్యములను మదింపు చేయుటకు పట్టికలు సిద్ధపరచియున్నారు. వానిని సిరోంచ యింటిమాటలలోనికి తెచ్చి, ప్రక్కన మరాఠీ మాటను, గోండీ మాటను చేర్చి, మూడు వరుసల పుస్తకముగ అచ్చువేయింపవలెను. పండితుల తెలుగు అక్కరలేదు. ఊళ్లలో అమ్మలను కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనవలెను. సంస్థవారి సమ్మతి తీసికొని, ఇద్దరు భాషాభ్యాసకులు, ఒక శిక్షితోపాధ్యాయుడు కూర్చున్నచో ఒక వేసవిలో ముగియును. ఇప్పపువ్వు రాలు కాలమున మొదలుపెట్టినచో ఆ మొదటి మాటను చెప్పుటకు పిల్లలే చెట్లక్రింద దొరకుదురు.